చిల్లకూరు మంజులకు రెండు సెకన్లు వెనక

మొన్న గూడూరు దాటాక హైవే మీద మా స్కూలు బస్సుకు పంక్చరు పడింది. పిల్లలందరినీ దింపి పంక్చరు కొట్టు పక్కన నీడలో నిలబెట్టాను. అక్కడ గుట్టగా పడేసిన పాత లారీ టైర్లు ఎండకు కాగి వాసన కొడుతున్నాయి. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం గుండెల నిండా పీల్చాను. గురువులు గుర్తుకు రావాలంటే ఎవరికైనా సుద్దముక్కల వాసనో, కొత్త పుస్తకాల వాసనో రావాలి. నాకు ఎండకు కాగిన టైరు వాసన వస్తే చాలు, సంపూర్ణ టీచర్ కళ్ళ ముందు నిలబడుతుంది. ఏం చేయను, నా రాత అలాంటిది.

ఆమె కోటలో మా హైస్కూలు డ్రిల్లు టీచరు. గంజి పెట్టిన నేతచీర, కాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో సిలువ గొలుసు, దాని పక్కనే విజిలు. ఆదివారం చర్చిలో పాస్టరుగారి ప్రసంగం సాగిపోతుంటే ఆమె చెయ్యి తనకు తెలియకుండానే ఆ విజిలు మీదికి పోయేదని ఊళ్ళో చెప్పుకునేవారు. నేను స్కూలు వదిలి డిగ్రీలో చేరాక కూడా ఆమె నన్ను వదల్లేదు. టీవీలో అడ్డంకుల పోటీ అని ఒకటి వచ్చేది. ఇద్దరిద్దరు పక్కపక్కన పరుగెత్తి, గోడలెక్కి, వలల కింద పాకి, నీళ్ళ మీద దుంగలు దాటి, ముందుగా గంట కొట్టినవాళ్ళు తర్వాతి రౌండుకు పోతారు. దానికి నా పేరు పంపించింది కూడా ఆమే. హైదరాబాదు రమ్మని పిలుపు వచ్చేసరికి మా ఇంట్లో పిడుగు పడినట్టయింది.

మా అమ్మ సుబ్బరత్నమ్మ తెగేసి చెప్పింది. "ఒక్క రౌండన్నా గెలిచినావా, నువ్వు చెప్పే ఆ డ్రిల్లు కాలేజీలో చేరుదువు. మొదట్లోనే ఎనక్కొచ్చినావా, ఆ ప్యాంటూ గెంతులూ కట్టిపెట్టి మీ అన్న మేత కొట్లో కూచోవాల. ఏమే, ఇనపడిందా?" అన్నకు రొయ్యల మేత అమ్మే కొట్టుంది. ఆ మేత కంపులో బతుకంతా కూర్చోవడమంటే నాకు చావుతో సమానం. అందుకే ఆ ఒక్క రౌండు నాకు కావాలి.

తెగులు తగిలి ఎండగట్టిన రొయ్యల గుంట ఒకటి అడిగి, టీచర్ అందులో పోటీ మైదానం కట్టింది. అడుగున లారీ టైర్లు పరిచింది. మధ్యలో పాత వల కట్టింది. చివర మోటారు షెడ్డు గోడ, దాని అవతల గంటకు బదులు ఇనప రేకు. అన్నీ ఉన్నాయి గానీ, నాతో పరుగెత్తే మనిషే లేదు. ఊళ్ళో ఆడపిల్లలెవరూ రారు. ఒంటరిగా పరుగెత్తుతుంటే నా వేగం పెళ్ళి ఊరేగింపు లాగుండేది. రెండో వారంలో టీచర్ గడియారం చూసి పెదవి విరిచింది.

"చిల్లకూరు మంజుల దీన్ని నీకంటే రెండు సెకన్లు ముందే దాటేసిందంట మే."

"ఎవరు టీచర్ ఆ మంజుల?"

"నీ మాదిరే పిలుపొచ్చిన పిల్ల. నాకు తెలిసిన సారొకాయన దగ్గిర నేర్చుకుంటా ఉండాది."

అంతే, నా ఒళ్ళు మండిపోయింది. మరునాడు ప్రాణాలకు తెగించి పరుగెత్తాను. మంజుల అప్పటికి ఇంకో రెండు సెకన్లు ముందుకు పోయి ఉంది. రోజులు గడిచేకొద్దీ ఆమెకు అన్ని సుగుణాలూ వచ్చి చేరాయి. తెల్లారకముందే లేస్తుందట. రెండు కోడిగుడ్లు తిని ఊరుకుంటుందట. గురువుకు ఎదురు చెప్పదట. టీచర్ చెప్పినవన్నీ నేను ఇంట్లో వాపోతుంటే అమ్మ వాటికి మరికొన్ని చేర్చి నన్ను సాధించేది. "ఆ మంజుల అయితే తిన్న కంచం కడిగిపెట్టే పిల్ల." నేను ఆ మంజులకు జ్వరం రావాలని మొక్కుకున్నాను కూడా.

మా వైపు ఒక అలవాటుంది. మంచి పిల్ల అని ఎవరి గురించైనా రెండుసార్లు వింటే, మూడోసారికి సంబంధం అడగడానికి బయల్దేరతారు. మా అన్నకు పెళ్ళీడు వచ్చింది. ఒక గురువారం పూట మా అమ్మ ఎవరికీ చెప్పకుండా, పిన్నిని వెంటబెట్టుకుని, రెండు డజన్ల అరటిపండ్లూ పూలూ పట్టుకుని చిల్లకూరు పోయింది.

అక్కడ ఊరంతా వెతికితే ముగ్గురు మంజులలు దొరికారు. ఒకామెకు మనవలున్నారు. ఇంకొకతి రెండో తరగతి. మూడో ఆమెది పెళ్ళి వయసే, కుట్టుపని నేర్చుకుంటోంది. మా అమ్మ ఆ ఇంటి వసారాలో కూర్చుని, పండ్లు ముందు పెట్టి, "మీ పిల్ల గోడలు బాగా దూకుద్దని మా కోట దాకా పేరొచ్చిందన్నా" అందట. ఆ తండ్రి లేచి నిలబడ్డాడు. "మా పిల్ల గోడలు దూకేదేంది? ఎవురు చెప్పినారు మీకు?" ఆయనకు కోపం వచ్చిందని గమనించి అమ్మ సర్ది చెప్పబోయింది. "అయ్యో, ఊరికే దూకేది కాదన్నా, తొమ్మిది సెకన్లలో దూకేస్తదంట!"

పండ్లు వీధిలో పడ్డాయి. అమ్మ నేరుగా గుంట దగ్గరికొచ్చింది. పిన్ని దారి పొడవునా ఏడుస్తూనే ఉందట. సంపూర్ణ టీచర్ అంతా విని, తల వంచుకుని, "సుబ్బరత్నమ్మా, తప్పు నాదే. ఆ పిల్ల యాడా లేదు. నేనే అల్లినా" అంది.

అమ్మ తిట్లు నాకు గుర్తులేవు. నా కోపం మాత్రం గుర్తుంది. రెండు నెలలు లేని మనిషి వీపు చూస్తూ పరుగెత్తాను! ఇంటికి పోయి పడుకున్నాను. నాలుగు రోజులు గుంట వైపు పోలేదు. పోటీకి ఇంకా వారమే ఉంది. ఐదో రోజు సాయంత్రం అన్న పరుగున వచ్చాడు. "మే, మీ టీచరమ్మ ఒక్కతే గుంటలో దూకతా ఉండాది. జనం బండ్లు ఆపి చూస్తా ఉండారు. పోయి తీసుకురా."

పోయి చూస్తే ఆమె చీర దోపుకుని, ఒక కాలు టైర్లో ఇరుక్కుని నిలబడి ఉంది.

"మంజుల లేదు గదా. నేనుండా. రా, ఉరుకు."

"మీ మోకాళ్ళు నొప్పులు కదా టీచర్..."

"మోకాళ్ళు నాయి. నీకేంది బాధ?" అని విజిలు ఊదేసింది.

నేను రేకు కొట్టి వెనక్కి తిరిగేసరికి ఆమె ఇంకా వల కిందే ఉంది. బయటికొచ్చాక బొంగురు ఆయాసంతో గోడ దగ్గరికి చేరింది. ఎగిరి అంచు పట్టుకుంది, జారింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. జనం నవ్వుతున్నారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"చాలు, దిగండి టీచర్!"

"దిగను. నువ్వు గెలిచినావుగా, పో ఇంటికి. నాది కాలా ఇంకా."

నాలుగోసారి పొట్ట మీద పడి ఎలాగో ఎక్కింది. దిగడానికి మాత్రం అన్న నిచ్చెన తేవలసి వచ్చింది. కింద కూర్చుని, గీరుకుపోయిన చేతులు చూసుకుంటూ చెప్పింది. "నీతో ఉరికేదానికి ఎవురూ లేకపాయె మణీ. నాకేమో యాభై ఏడు. జనం ముందర పడతానేమోనని సిగ్గేసి మంజులను పెట్టినా. ముందే నేను ఉరికుండాల్సింది."

హైదరాబాదులో నా పక్కన పరుగెత్తిన పిల్ల పొడవు, బలం. గోడ దగ్గర నేను రెండుసార్లు జారాను. పైకి చూస్తే ఆమె వీపు అవతలికి పోతోంది. ఇక అయిపోయిందనుకున్నాను, చేతులు వదిలేయబోయాను. అప్పుడు వెనకనుంచి ఆ బొంగురు ఆయాసం వినిపించినట్టే అనిపించింది. దిగను అనుకున్నాను. ఎక్కాను. అవతల దుంగల మీద ఆ పిల్ల నీళ్ళలో పడింది. నేను దాటి గంట కొట్టాను. రెండో రౌండులో మొదటి దుంగ మీదే పడ్డాను లెండి. దాన్ని టీవీలో నెమ్మదిగా మూడుసార్లు చూపించారు. "గెలిచినోళ్ళను ఒక్కసారే చూపించినారు, మా పిల్లను మూడుసార్లు" అని మా అమ్మ వీధంతా చెప్పుకుంది. నన్ను కాలేజీలో చేర్చింది.

సంపూర్ణ టీచర్ పోయిన వానాకాలంలో పోయింది. ఆ బాధ ఇంకా తీరలేదు. నేనిప్పుడు డ్రిల్లు టీచర్ని. నా పిల్లలకు మంజులల కథలు చెప్పను. జతకు ఎవరూ దొరకని పిల్ల ఉంటే చున్నీ నడుముకు కట్టుకుని నేనే పక్కన నిలబడతాను. ఇద్దరు బిడ్డల తల్లిని, ఒళ్ళు వచ్చింది, ఎప్పుడూ వెనకబడతాను. వాళ్ళు ముందే చేరి, తిరిగి చూసి, "ఇక చాలు టీచర్" అంటారు. ఆ ముఖాల్లో ఆరోజు నాకు వచ్చిన ఏడుపే కనిపిస్తుంది. నేను ఆగను, వాళ్ళు చూస్తూ ఉండగానే చివరిదాకా పరుగెత్తి వస్తాను.