గాలి ఊదని క్లారినెట్

ఆ రోజు కుట్టు మిషన్ సూది నా చూపుడు వేలి గోరులోంచి కిందికి దిగిపోయింది. నొప్పి తెలియలేదు. తెలివి వచ్చేసరికి కుడుతున్న పచ్చ జాకెట్టు నెత్తురుతో తడిసింది, వేలు ఇంకా సూదికే ఉంది. పక్కన ఫోన్లో మా తమ్ముడు పంపిన క్లారినెట్ పాట అయిపోయి ఉంది.

నా పేరు స్వరూప. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్‌లో ఉంటాం. మా ఆయన సదానందం బొగ్గు బాయిలో పని చేస్తాడు, నేను ఇంట్లో బట్టలు కుడతాను. పొద్దున పొయ్యి వెలిగించకముందే పాట పెట్టుకునే మనిషిని. పాత సినిమా పాటలు, ఒగ్గు కథ, ఖవ్వాలీ, పెళ్లి బ్యాండు, ఏదైనా సరే. మా బాపు బ్యాండ్ మేళంలో క్లారినెట్ వాయించేవాడు. ఆయన పోయాక అదే క్లారినెట్ తమ్ముడు ఓదెలు చేతికి వచ్చింది. పెళ్లికూతురిని సాగనంపేటప్పుడు బాపు వాయించే బాణీ ఒకటి ఉండేది, ఆయన సొంతంగా కట్టుకున్నది. ఆ రోజు ఫోన్లో మోగింది అదే.

సూది దిగే ముందు కడుపులోంచి ఏదో భయం గొంతుదాకా ఎగదన్నింది. బొగ్గు కాలుతున్న వాసన వచ్చింది. ఖనిలో ఉండి బొగ్గు వాసన వచ్చిందంటే ఎవరు పట్టించుకుంటారు? నేనూ పట్టించుకోలేదు.

ఆషాఢంలో మా కాలనీ పోచమ్మ బోనాలకు ఓదెలు బ్యాండే వచ్చింది. నేను బోనం ఎత్తుకొని నడుస్తున్నాను. వాడు తీన్మార్ దెబ్బ మీద బాపు బాణీ అందుకున్నాడు. మళ్లీ అదే వాసన. తర్వాత జరిగింది ఎవరో తీసిన వీడియోలో చూశాను. బోనం పగిలి అన్నం మట్టిపాలైంది. నా మెడ ఒక పక్కకు మెలి తిరిగింది, తల నేలకేసి బాదుకుంటోంది.

"శిగమొచ్చింది! అమ్మ వచ్చింది! వాయించుర్రి, ఆపకుర్రి!" అని పక్కింటి లచ్చవ్వ అరుస్తోంది.

బ్యాండు నా చుట్టూ మూగింది. వేపమండలతో వీపు మీద కొట్టారు. నోట్లో నిమ్మకాయ కుక్కారు. పళ్లు గిట్టకరుచుకుపోతే గరిటె కాడ పెట్టి పెకలించారు, ముందు పన్ను సగం విరిగింది. అరచేతిలో కర్పూరం వెలిగించారు. "ఏం గావాలె తల్లీ, చెప్పు!" అని లచ్చవ్వ నా జుట్టు పట్టి ఊపుతోంది. నురగ, నెత్తురు కలిసి గడ్డం మీద కారుతుంటే దండాలు పెట్టినవాళ్లున్నారు. ఓదెలు కళ్లు మూసుకొని ఇంకా గట్టిగా ఊదుతున్నాడు.

పాపం, వాళ్లకేం తెలుసు, ఎవరినీ తిట్టను. కాదు, తిడతాను. ఆ గరిటె పెట్టింది ఎవరో తెలిస్తే ఇప్పటికైనా తిడతాను.

అప్పుడే షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన జనాన్ని మోచేతులతో కుమ్ముకుంటూ లోపలికి వచ్చాడు. "శిగం గాదు, ఏం గాదు! ఫిట్స్ ఇవి! మా మేనత్త గిట్లనే సచ్చిపోయింది, జరుగుర్రి!" అని నన్ను భుజాన వేసుకొని ఆటో ఎక్కించాడు. దవాఖానలో నెత్తురు కడిగి, హైదరాబాద్‌కు రాసిచ్చారు.

అక్కడి న్యూరాలజీ డాక్టరమ్మ మెల్లగా మాట్లాడే మనిషి. ఈఈజీ నార్మల్ వచ్చింది. ఎమ్మారైలో మాత్రం దొరికింది. "లెఫ్ట్ టెంపోరల్ లోబ్‌లో చిన్న స్కార్ ఉందమ్మా. ఇది ఎపిలెప్సీ" అన్నారు. తర్వాత అడిగారు: "ఫిట్స్‌కి ముందు ఏం జరుగుతోంది? నిద్ర తక్కువా, వెలుతురా, ఏదైనా సౌండా?"

"ఏం లేదు మేడం" అన్నాను.

పచ్చి అబద్ధం. అప్పటికే నాకు తెలుసు. చెబితే పాటలన్నీ బంద్ చెయ్యమంటారని భయం. పాట లేని ఇంట్లో నేను మిషన్ ముందు ఒక గంట కూడా కూర్చోలేను. అందుకే నోరు మూసుకున్నాను. ఇంటికి వచ్చి తలుపు వేసుకొని ఆ బాణీ వినేదాన్ని. బొగ్గు వాసన రాగానే ఆపేదాన్ని. ఒక్కోసారి ఆపే తెలివి ఉండేది కాదు, నేల మీద నాలుక కొరుక్కొని లేచేదాన్ని.

డాక్టరమ్మ రాసిన లెవెటిరాసిటమ్ రెండు పూటలా వేసుకున్నాను. ఫిట్స్ ఆగలేదు గానీ కోపం మొదలైంది. నాకు మొదటి నుంచీ కోపమే, కానీ ఇది వేరు. జాకెట్టు బిగుతైందన్న మనిషి ముఖానే ఆ జాకెట్టు చింపి పడేశాను. ఒక సాయంత్రం మా ఆయన స్నానం చేసి వచ్చి, తల తుడుచుకుంటూ బాపు బాణీ కూనిరాగం తీశాడు. నా చేతిలో కత్తెర ఉంది. విసిరాను. కనుబొమ్మ మీద చీరుకుపోయింది, ఇంకొంచెం కిందికైతే కన్ను పోయేది. అంతటితో ఆగానా? రోకలి తీసుకొని పాటల బాక్సును పిండి చేశాను, అది నా ప్రాణమని తెలిసి కూడా. ఆయన టవల్ అదిమి పట్టుకొని గోడకు ఆనుకొని, "కొట్టు, ఇంకేమన్న ఉంటే కొట్టు" అన్నాడు. ఆ రాత్రి దవాఖానలో ఆయన నుదుటికి కుట్లు వేస్తుంటే, ఊరందరి బట్టలు కుట్టే నేను అటు చూడలేకపోయాను.

వారం తిరక్కుండా మళ్లీ హైదరాబాద్. ఈసారి మా ఆయన ముందు కూర్చున్నాడు.

"మేడం, గిది చెప్పదు, నేను చెప్త. మా బామ్మర్ది క్లారినెట్ మోగితెనే గిట్లయితది. తలుపేసుకొని వింటది, నేను బయట నిలబడి వింట."

సిగ్గుతో చచ్చిపోయాను. డాక్టరమ్మ నా వైపు తిరిగారు. "ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు పాటలు బంద్ చెయ్యమంటరని."

"అన్నీ ఆపమని ఎందుకంటాను? ఏ సౌండో తెలిస్తే ఆ ఒక్కదాన్నే పట్టుకుంటాం. తెలియకపోతే గుడ్డిగా డోసు పెంచుతూ పోతాను. మీ కోపం కూడా కొంత ఆ మందుదే, కొందరికి అలా చేస్తుంది. మారుద్దాం."

కొంత అన్నారు. మిగతాది నాదేనని మా ఆయన మొహంలో కనిపించింది.

ఫిట్స్ వచ్చేటప్పుడే మెదడును రికార్డు చేసే వీడియో ఈఈజీ కోసం అడ్మిట్ చేశారు. తల నిండా వైర్లు అతికించారు. ఫోన్లో రికార్డింగ్ పెడితే వాసన వచ్చిందే గానీ ఫిట్స్ రాలేదు. "మీ తమ్ముణ్ని పిలిపించగలరా?" అని అడిగారు. ఓదెలు క్లారినెట్ సంచీలో పెట్టుకొని పొద్దుటి రైలెక్కి వచ్చాడు. ఫిట్స్ ఆపడానికి నర్సు ఇంజెక్షన్ పట్టుకొని నిలబడితే వాడు క్లారినెట్ మళ్లీ సంచీలో పెట్టబోయాడు.

"నాతోని గాదక్కా."

"వాయించు తమ్మీ. ఈడ గరిటెలు పెట్టెటోళ్లు లేరు."

వాయించాడు. ఈసారి కళ్లు తెరిచే వాయించాడు. నాకు తెలివి వచ్చేసరికి వాడు గోడకేసి తల కొట్టుకుంటున్నాడు, మా ఆయన వాణ్ని నడుము పట్టి లాగుతున్నాడు. "ఆనాడు తల్లి నా పాటకే వచ్చిందని మురిసిన అక్కా. నిన్ను సంపుతాన్ననుకోలె" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"మ్యూజికోజెనిక్ ఎపిలెప్సీ, పాటతో వచ్చే ఫిట్స్. చాలా అరుదు" అన్నారు డాక్టరమ్మ. మందు ఆక్స్‌కార్బజెపిన్‌కు మార్చారు. "ఆ బాణీ వద్దు. మిగతావి వినండి, వాసన వస్తే వెంటనే ఆపండి."

ఇప్పుడు కొత్త బాక్సు కొన్నాను. పొద్దున నుంచి పాటలే. ఫిట్స్ లేవు, కత్తెర బట్టలే కోస్తోంది. ఒక్క బాపు బాణీయే పోయింది. దాని కోసం ఏడ్చాను, ఇప్పటికీ ఏడుస్తాను.

మా సందులోంచి ఓదెలు బ్యాండు మొదటిసారి బరాత్‌తో వచ్చినప్పుడు బాపు బాణీ అందుకోవాల్సిన చోట వాడు మా గేటు ముందు క్లారినెట్ దించేశాడు. డప్పులు మాత్రం మోగుతున్నాయి, వాటితో నాకేం కాదు. తాగి ఎగురుతున్న పెళ్లికొడుకు దోస్తు ఒకడు "నోరు పడిపోయిందారా? ఊదు!" అని చెంప మీద ఒక్కటిచ్చాడు. పెదవి చీలి నెత్తురు క్లారినెట్ మీద పడింది. ఓదెలు ఊదలేదు. నేను కత్తెరతో గేటు దాటాను. "ఇంకోసారి చెయ్యి లేపినవంటే ఏళ్లు కత్తిరిస్త బిడ్డా!" అన్నాను. ఇది మందు కోపం కాదు, నాదే. వాడు వెనక్కి తగ్గాడు.

పెదవి మానాక ఓదెలు ఒక ఉపాయం చేశాడు. మా గేటు దగ్గర బాపు బాణీ వంతు రాగానే క్లారినెట్ పెదాల మీదే ఉంచుతాడు, గాలి ఊదడు. వేళ్లు మాత్రం కదుపుతాడు. డప్పుల మోతలో పెళ్లివాళ్లకు తేడా తెలియదు. బాపు ఒళ్లో కూర్చొని ఆ వేళ్లను చూసి పెరిగినదాన్ని, బాణీ ఎక్కడిదాకా వచ్చిందో నాకు తెలుస్తుంది. సందు మలుపు తిరిగేదాకా గేటు పట్టుకొని చూస్తాను.

ఫిట్స్ ఉన్నవాళ్లకు ఒక్కటే చెబుతాను. అవి రాకముందు ఏం విన్నారో, ఏం చూశారో, ఏ వాసన వచ్చిందో డాక్టర్‌కు మొదటి రోజే చెప్పండి. అది మీకు ప్రాణమైనదైతే మరీ ముందుగా చెప్పండి.

ఈ వేళ్ల సంగతి కూడా పోయిన చెకప్‌లో చెప్పాను. డాక్టరమ్మ వెంటనే అడిగారు:

"వేళ్లు చూస్తుంటే వాసన వస్తుందా?"

"ఇప్పటిదాక రాలే మేడం."

"వస్తే?"

"గేటు మూసుకుంట."

ఈసారి అబద్ధం చెప్పలేదు.