గుండు టైర్లతో గెలిచిన పందెం

మా అన్నయ్య లారీకి నేను క్లీనర్ని. ఎనభైల చివర్లో మాట; నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. నూజివీడు చుట్టుపక్కల తోటల్లో కోసిన రసాలు, బంగినపల్లి గంపలకెత్తుకుని పొద్దున్నే బెజవాడ మార్కెట్టుకు వెళ్ళేవాళ్ళం. లైసెన్సు జేబులో పెట్టుకుని అద్దాలు తుడవాలంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. స్టీరింగ్ అడిగితే అన్నయ్యది ఒకటే మాట: "చూద్దాంలేరా."

గంపలు దింపేదాకా మార్కెట్టు ఎదురుగా ఉన్న కూల్‌డ్రింకు షాపులో కూర్చునేవాళ్ళం. ఆ వేసవిలో అక్కడ ఓ వీడియో గేమ్ పెట్టారు. కారు పందెం. ఐదు చుట్లు తిరగాలి, ఎవరి టైము తక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. తెర మూలన టైరు బొమ్మ ఉంటుంది. మలుపుల్లో బ్రేకు నొక్కినకొద్దీ ఎర్రబడుతుంది, అంటే టైర్లు అరిగి గుండవుతున్నాయన్నమాట. మధ్యలో పక్కకు తీసి టైర్లు మార్చుకోవచ్చు గానీ టైము పోతుంది. మార్చకపోతే కారు జారుతుంది, ఒక్కోసారి పల్టీ కొడుతుంది.

"దీని మీద నిన్ను గెలిస్తే స్టీరింగ్ ఇస్తావా?" అన్నాను.

"సరే, కానియ్," అన్నాడు అన్నయ్య నవ్వుతూ.

ముందు తను ఆడాడు. మూడో చుట్టులో బుద్ధిగా ఆగి టైర్లు మార్చుకున్నాడు. నా వంతులో నేను ఆగలేదు. ఆఖరి చుట్టంతా కారు తాగినవాడిలా తూలింది. అయినా నాలుగు సెకన్ల తేడాతో గెలిచాను. షాపాయన చప్పట్లు కొట్టాడు. తాళాల కోసం చెయ్యి చాపాను.

"గుండు టైర్లతో గెలిచావు. మన బండిలో వెనక గంపల మీద ఆరుగురు మనుషులుంటార్రా," అన్నాడు అన్నయ్య. "ఈ సీజనంతా వాళ్ళతో కూర్చో. తర్వాత మాట్లాడదాం."

ఇదెక్కడి న్యాయం! మాట తప్పాడు. ఆ సంగతి ఇప్పటికీ అంటాను.

గంపల మీద గోనెలు, గోనెల మీద కూలీలు, వాళ్ళ మధ్య మూతి ముడుచుకుని నేను. "ఏంటి బాబూ, కాయలకన్నా ముందు మీరే మగ్గిపోయేట్టున్నారు," అని ఓ పెద్దావిడ ఏడిపించేది. ఓ రోజు ముసునూరు దాటాక జల్లు పడింది. మలుపులో ఎడ్లబండి ఎదురైంది. అన్నయ్య బ్రేకు వేశాడు. లారీ వెనక భాగం పక్కకు జారింది, దానితోపాటు నేనూ జారాను. ఆ పెద్దావిడ నా కాలరు పట్టుకుని లోపలికి లాగింది. లేకపోతే చక్రం కిందే. పైగా అవి ఆ నెలలో వేసిన కొత్త టైర్లు. చాలా భయమేసింది. ఆ పూట అన్నం సయించలేదు.

చివరి లోడు రోజున అన్నయ్య మళ్ళీ పందెం అన్నాడు. ముందు తనే ఆడాడు. నా వంతులో, ఆఖరి చుట్టుకి ముందు టైరు బొమ్మ ఎర్రబడింది. ఆగకపోతే గెలుస్తానని తెలుసు. గెలవాలనే ఉంది. అయినా పక్కకు తీసి టైర్లు మార్చాను. రెండు సెకన్ల తేడాతో ఓడిపోయాను. స్టీరింగ్ ఇంక రాదనుకుంటే ఏడుపొచ్చినంత పనైంది.

అన్నయ్య బయటికొచ్చి తాళాలు నా చేతిలో పెట్టాడు. కూలీలు అప్పటికే ఖాళీ బండెక్కి ఉన్నారు. నా పక్కన కూర్చుని తప్పులు పడతాడనుకున్నాను. వెనక్కి వెళ్ళి, ఆ పెద్దావిణ్ణి కాస్త జరగమని, వాళ్ళ మధ్య కూర్చున్నాడు.