తారీఖు అడగని మిషన్

మా అత్తమ్మ పొద్దున్నే చేసే పనుల్లో కంప్యూటర్‌కు తారీఖు చెప్పడం ఒకటి. ముందుగదిలో మామయ్య స్విచ్చి వేసేవారు. మిషన్ కాసేపు గురగురమని, నల్లటి తెర మీద పచ్చటి అక్షరాల్లో ఇవాళ తేదీ ఎంతో కొట్టమని అడిగేది. ఆయన తల తిప్పకుండానే వంటింటి వైపు ఒక కేక వేసేవారు.

"ఏమే, ఇయ్యాల తారీఖెంత?"

అత్తమ్మ చెయ్యి తుడుచుకుని, గోడ క్యాలెండర్‌లో నిన్నటి కాగితం చింపి, చెప్పేది. ఆయన ఆ అంకెలు కొట్టేవారు. అప్పుడు గాని మిషన్ ముందుకు కదిలేది కాదు. రోజు మొత్తంలో వాళ్ళిద్దరి మధ్య తగాదా లేకుండా నడిచే మాట అదొక్కటేనని నేను మా ఆయనతో అని నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

అది తొంభైల నడుమ. మా ఇల్లు ఉప్పల్‌లో, రింగు రోడ్డుకు లోపలి గల్లీలో. మామయ్య రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. మా ఆయన ఒక సర్కారు పరిశోధనశాలలో టెక్నీషియన్. అక్కడ పాతబడిపోయిందని వేలం వేసిన కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చాడు. జాతకాలు లెక్కగట్టే ప్రోగ్రాం ఒకటి ఎవరి దగ్గరో సంపాదించి అందులో ఎక్కించాడు. పుట్టిన తేదీ, వేళ, ఊరు ఇస్తే చాలు, ఇప్పుడు ఏ దశ నడుస్తోందో, ముందు ఏముందో మిషన్ ఇంగ్లీషులో చూపించేది. మామయ్య దాన్ని తెలుగులో చెప్పేవారు. ఆయన పంచాంగం చదివిన మనిషి కాదు. తెర మీద ఏది కనిపిస్తే అదే. వచ్చేవాళ్ళంతా పెండ్లిళ్ళ కోసం, నౌకరీల కోసం. చిన్నపిల్లలవి చూసేవారు కాదు, పదో తరగతి దాటాక రమ్మనేవారు.

నేను నాచారంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. నాకు జాతకాల మీద నమ్మకం లేదు. లేదన్న సంగతి దాచుకునే ఓపిక అంతకన్నా లేదు. అత్తమ్మ మాత్రం నా పక్షమూ కాదు, మామయ్య పక్షమూ కాదు. ఆమె జాతకం వేస్తానని ఆయన అంటే, "నాకొద్దు, నాదంత అయిపోయింది" అని లేచి వెళ్ళిపోయేది.

ఆ ఏడు ఉప్పల్ చౌరస్తాలో ఎవరో రంగుల తెర ఉన్న కంప్యూటర్ పెట్టి జాతకాలు మొదలుపెట్టారు. మా ఇంటికి వచ్చినవాళ్ళు కూడా "ఇది పాతదా సార్?" అని అడగసాగారు. మామయ్యకు అది ముల్లులా గుచ్చుకుంది. కొత్తది కొనే స్థోమత లేదు. మా ఆయనే ఉపాయం చెప్పాడు.

"మిషన్ గిదే ఉంచి, డాస్ కొత్తది ఎక్కిద్దాం నాయినా. మిషన్‌ను లేపి నడిపిచ్చేదే డాస్. అది మారితె దీని నడకనే మారుతది."

"ముసలి ఎద్దుకు కొత్త మువ్వలు కడతరా?" అన్నాను నేను. ఇద్దరూ విననట్టే క్యాలెండర్‌లో సెలవులు వెతకసాగారు.

దసరా రోజు సెలవు కాబట్టి అప్పుడే ముహూర్తం పెట్టారు. కంప్యూటర్‌కు పసుపు, కుంకుమ పెట్టి, పైన ఒక బంతిపువ్వు ఉంచారు. మామయ్య రాహుకాలం చూసి, అది దాటాక గాని మొదటి ఫ్లాపీ పెట్టనివ్వలేదు. ఒకటి తరువాత ఒకటి ఫ్లాపీలు మారుస్తుంటే మిషన్ నిద్రలో పళ్ళు కొరికే మనిషిలా చప్పుడు చేసింది. మధ్యలో ఏవో ప్రశ్నలు అడిగింది. అన్నిటికీ మా ఆయన సరే సరే అని కొట్టుకుంటూ పోయాడు. ఆ రోజు గాలి నాచారం వైపు నుంచి తిరిగింది. ఫ్యాక్టరీల మందు వాసన ఇంట్లోకి వచ్చి బంతిపూల వాసనను మింగేసింది. కిటికీలు మూసినా పోలేదు. నాకెందుకో ఆ రోజంతా మనసు బాగాలేదు.

అంతా అయ్యాక స్విచ్చి తీసి మళ్ళీ వేశారు. మిషన్ గురగురమంది. తేదీ అడగలేదు. నేరుగా లేచి, సిద్ధంగా నిలబడింది.

"సూసినవా, ఇప్పుడేం అడుగుతలేదు" అన్నారు మామయ్య, కొడుకు వైపు గర్వంగా చూస్తూ. "దానికే తెలుస్తుంది ఇగ."

వంటింటి గడప దగ్గర అత్తమ్మ చింపిన క్యాలెండర్ కాగితంతో నిలబడి ఉంది. మిషన్ చప్పుడు విని అలవాటుగా వచ్చింది. ఎవరూ అడగకపోయేసరికి కాగితాన్ని చేతిలోనే నలిపి లోపలికి వెళ్ళిపోయింది. ఆ మరునాటి నుంచి ఇంట్లో ఆమెను తారీఖు అడిగినవాళ్ళు లేరు.

దసరా వెళ్ళిన వారంలోనే అత్తమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది.

"బిడ్డా, జర ఇక్కడ చెయ్యి పెట్టి సూడు. శనగగింజ లెక్క తాకుతుంది."

రొమ్ము పక్కన, గట్టిగా, కదలకుండా ఉంది. మరునాడే బడికి సెలవు పెట్టి రైల్వే దవాఖానకు తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, మామయ్యను కూడా పిలిపించి చెప్పింది. "ఇది మంచి గడ్డ కాదు. ఆలస్యం చెయ్యకండి. ఈ వారంలోనే ఆపరేషన్‌కు తీసుకురండి."

ఇంటికి వస్తూనే మామయ్య చెప్పులు కూడా సరిగా విప్పకుండా మిషన్ ముందు కూర్చున్నారు. అత్తమ్మ జాతకం వేయడం అదే మొదటిసారి. ఈసారి ఆమె వద్దనలేదు. చాలాసేపు తెర వైపే చూసి, ఆయన ఊపిరి వదిలారు.

"గురుదశ నడుస్తుంది. మస్తు మంచి టైం. పానానికి గండం గిట్ల ఏం లేదు. శని రావాల్నంటే ఇంక చానా ఏండ్లున్నయి. ఫికర్ చెయ్యకు." తరువాత కొంచెం నవ్వి, "సంతాన యోగం గూడ సూపిస్తుంది" అన్నారు.

యాభై దాటిన మనిషికి సంతాన యోగమేమిటని ఎవరైనా అనుకోవాలి. ఆయన అనుకోలేదు. నా వైపు చూశారు. "అంటే మనుమడన్నట్టు." పెండ్లయి మూడేళ్ళు దాటినా నాకు పిల్లలు లేరు. ఆ చూపుకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మామయ్యా, డాక్టరమ్మ ఆగొద్దన్నది కద" అన్నాను.

"డాక్టర్లు గట్లనే అంటరు బిడ్డా. టైం మంచిగున్నప్పుడు గడ్డలు అవే కరుగుతయి. కార్తీకం పోనియ్యి, సూద్దాం."

అత్తమ్మకు కత్తి అంటే భయం. ఆమె కూడా ఆ మాటనే పట్టుకుని వేలాడింది. మా ఆయన తండ్రికీ నాకూ మధ్య నలిగి, చివరికి డ్యూటీకి వెళ్ళిపోయేవాడు. నేను రోజూ గొడవపడ్డాను. అన్నం దగ్గర గొడవపడ్డాను, నీళ్ళ పంపు దగ్గర గొడవపడ్డాను. నా నోరు చెడ్డదని గల్లీలో అందరికీ తెలిసింది గాని, పని జరగలేదు. మామయ్య ఎవరో చెప్పిన ఆకుపసరు తెచ్చారు. ఆమె దాన్ని పూసుకుని, పైట కప్పుకుని, మామూలుగా వంట చేసేది.

ఆ రోజుల్లోనే కాప్రా నుంచి ఒక కిరాణా షాపాయన వచ్చాడు. మామయ్య తెర చూసి, "త్వరల ఇల్లు కడతవు" అన్నారు.

"కట్టి పదేండ్లాయె కద సార్."

"ఇంకోటి కడతవు. నారపల్లి దిక్కు జాగ సూసుకో."

అతను సంతోషంగా వెళ్ళిపోయాడు. చాయ్ గ్లాసులు తీస్తూ నేను అదంతా విన్నాను. చెప్పింది తప్పు అన్న మాట ఆ గదిలో ఎవరి నోటా రాలేదు. మిషన్ ఏమన్నా, దాన్ని నిజం చేసే పూచీ మనుషులే తీసుకున్నారు. వంటింట్లో అత్తమ్మ చెయ్యి పైకెత్తి డబ్బా అందుకోబోయి, నొప్పికి ఆగిపోయింది. శనగగింజ అప్పటికి చింతగింజ అయింది.

కార్తీకం చివర ఒక ఆదివారం పొద్దున నాచారం నుంచి ఒకామె చంటిపిల్లను ఎత్తుకుని వచ్చింది. మనుమరాలట, నెలల పిల్ల. రాత్రంతా ఆగకుండా ఏడుస్తోందని, జాతకంలో ఏముందో చూడమని బతిమాలింది. మామయ్య తన నియమం చెప్పారు. ఆమె కదలలేదు.

"బస్సుల పడి వచ్చిన అన్నా. జర సూడు, నీ కాళ్ళు మొక్కుత."

ఆయన కాదనలేక పిల్ల పుట్టిన తేదీ కొట్టారు. మిషన్ కీచుమంది. ఒక ఇంగ్లీషు వాక్యం చూపించి ఆగిపోయింది. ఆయన మళ్ళీ కొట్టారు. మళ్ళీ కీచుమంది. ఎదురుగా ఎవరున్నారో మరిచిపోయి, ఆ వాక్యాన్ని ఆయన పైకే తెలుగులో చెప్పేశారు.

"ఈ పిల్ల ఇంక పుట్టలేదంటుంది."

ఆమె పిల్లను గట్టిగా రొమ్ముకు అదుముకుంది. పిల్ల ఏడవడం మానేసి పచ్చటి తెర వైపు చూస్తోంది. ఆమె లేచింది. చెప్పులు చేత్తో పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ గేటు దాటింది. ఆమె ముఖం నాకిప్పటికీ గుర్తుంది. మామయ్య ముఖం కూడా పాలిపోయింది. ఆయనకు అది ఏదో అపశకునంలా తోచింది. నాకు మాత్రం తోచింది వేరు.

"పిల్ల పుట్టింది మామయ్యా. మిషన్‌కే ఇంక ఇయ్యాల రాలేదు."

పెరట్లో ఉన్న మా ఆయనను పిలిచాను. అతను కూర్చుని, మిషన్ లెక్కలో ఇవాళ తేదీ ఎంతో చూపించమని ఒక మాట కొట్టాడు. తెర మీద వెయ్యిన్నీ తొమ్మిదివందల ఎనభై, జనవరి ఒకటి అని వచ్చింది. అతను తల పట్టుకున్నాడు. మిషన్ ఎంత పాతదంటే దాని లోపల అసలు గడియారమే లేదట. అందుకే రోజూ పొద్దున మనల్ని అడిగేది. కొత్త డాస్ ఎక్కేటప్పుడు తనంతట తాను ఒక చిన్న ఫైలు రాసుకుంది. ఆ ఫైలు ఉంటే మిషన్ తేదీ అడగదు. అడగకపోతే దానికి ప్రతి పొద్దూ ఎనభయ్యో సంవత్సరమే.

"మరి అత్తమ్మది?" అన్నాను.

ఆపరేషన్ వద్దన్న ఆ మంచి టైం ఎప్పుడో పదిహేనేళ్ళ కిందటిదని ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. అప్పుడు గడప దగ్గర నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది.

"ఎనభైలనే కద చిన్నోడు పుట్టింది."

మా ఆయన తరువాత ఒక మగపిల్లవాడు పుట్టి, పురిట్లోనే పోయాడని నాకు పెండ్లయిన కొత్తలో ఎవరో చెప్పారు. ఆమె నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. "సంతానం నీకు కాదు బిడ్డా, నాకే" అంది. నాకు ఒళ్ళు జలదరించింది, కాదనను.

మామయ్య మిషన్ వైపు తిరిగారు. దసరా తరువాత మొదటిసారి అడిగారు, చాలా చిన్న గొంతుతో. "ఏమే, ఇయ్యాల తారీఖెంత?" ఆమె చెప్పింది. ఆయన కొట్టారు. వేలితో ఒక్కో వరుసా కింద గీస్తూ చదివారు.

"శని నడుస్తుంది. పానగండం. ఇనుము తాకొద్దంటుంది, ఉగాది దాటేదాక." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చిన్నోని సంగతి నిజమే చెప్పింది కద. ఇది గూడ నిజమే అయితది. ఉగాది దాక ఆగుదాం. ఇప్పుడు కోస్తె నువ్వు దక్కవే."

ఆయన చెడ్డ మనిషి కాదు. ఆమె పోతుందేమోనన్న భయంతోనే ఆమెను పోగొట్టుకునే దారి పట్టుకున్నారు. కానీ ఆ నిమిషాన నాకు జాలి కలగలేదు.

"అప్పుడు టైం మంచిగున్నదని ఆపిన్రు. ఇప్పుడు మంచిగలేదని ఆపుతున్రు. మరి పోయేదెన్నడు?" అన్నాను. నా గొంతు పక్కింటికి వినిపించే ఉంటుంది.

అత్తమ్మ నన్ను దాటుకుని వెళ్ళి, స్టెబిలైజర్ స్విచ్చి కట్టేసింది. తెర నల్లబడింది.

"తారీఖు నేను చెప్పిన కద" అంది ఆయనతో. "రేపు సోమవారం. డాక్టరమ్మ ఉంటది. పొద్దుగాలనే పోదాం."

పోయాం. ఆపరేషన్ అయింది. గడ్డ చంకలోకి పాకిందని, ఇన్నాళ్ళు ఎందుకు ఆగారని డాక్టరమ్మ మామయ్యను అడిగింది. ముందే వచ్చి ఉంటే బతికేదా అని తరువాత నేనొక్కదాన్నే వెళ్ళి అడిగాను. చెప్పలేమంది. అవునని తిట్టి ఉంటే బాగుండేది, నా కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసేది.

ఆమె మరుసటి ఏడు బతుకమ్మ పండుగ చూసింది. గల్లీ ఆడవాళ్ళు వాకిట్లో ఆడుతుంటే మంచం మీద నుంచే చూసింది. ఆ తరువాత వచ్చిన ఉగాది చూడలేదు.

ఆ రోజుల్లో మిషన్ మీద దుప్పటి కప్పి ఉండేది. దినాలు అయిపోయాక ఒక సాయంత్రం మామయ్య కొడుకును పిలిచారు. "ఆ ఫైలు తీసెయ్యి" అన్నారు. మా ఆయన అప్పుడే తీసేశాడు.

మరునాడు పొద్దున నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ముందుగదిలో గురగురమని చప్పుడైంది. ఆ వెంటనే కేక వినిపించింది.

"ఏమే, ఇయ్యాల తారీఖెంత?"

అడిగింది నన్ను కాదు. నన్ను ఆయన ఏనాడూ ఏమే అనలేదు. గోడ మీద క్యాలెండర్ ఆమెను చివరిసారి దవాఖానకు తీసుకెళ్ళిన రోజు దగ్గరే ఆగి ఉంది. తరువాత ఎవరూ చింపలేదు. పాలు దించి, ఒక్కో కాగితం చింపుకుంటూ ఆనాటి తేదీదాకా వచ్చి, గట్టిగా చెప్పాను. ఆయన కొట్టిన చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆయనే మిషన్ ఆపేశారు.

ఆ తరువాత ఆయన ఎవరి జాతకమూ చూడలేదు. వచ్చినవాళ్ళను చౌరస్తాకు పొమ్మనేవారు. కానీ బతికున్నన్నాళ్ళూ పొద్దున్నే స్విచ్చి వేసేవారు, మిషన్ అడిగేది, ఆయన వంటింటికి కేక వేసేవారు. ఆయనను నేను పూర్తిగా క్షమించానో లేదో నాకే తెలియదు. తారీఖు మాత్రం ఒక్కరోజు కూడా తప్పు చెప్పలేదు.