ఎడమవైపు పిన్నీసు

పిన్నీసు పెట్టుకునే ముందు దాని మొన ఒకసారి వేలికి ఆనించి చూసుకోవడం నాకు అలవాటు. అది నిజాం రోజుల్లో, లక్డీకాపూల్ నుంచి అమీర్‌పేటకు పోయే బస్సులో అంటుకున్న అలవాటు.

ఆరోజు నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. ఎర్రమంజిల్ దాటాక గాలికి ఆమె కొంగు జారితే, పంజాగుట్ట బండల వైపు చూస్తూనే సర్దుకుని, ఎడమవైపు పిన్నీసు పెట్టుకుంది. తెల్లచీర మీద ఎర్రటి చుక్క లేచి పెద్దదయింది. పిన్నీసు బట్టతో పాటు చర్మంలోకి కూడా దిగింది. ఆమె ముఖం మాత్రం మారలేదు.

“అమ్మా, నెత్తురు!” అన్నాను.

ఆమె నింపాదిగా పిన్నీసు తీసి, కొంగుతో అద్దుకుంది.

“గడ్డ లేసిందని రొమ్ము కోసిండ్రు బిడ్డా. గాయం మానినా నొప్పి పోలే, నిద్ర లేదు. డాక్టరు ఎన్నుపూస పక్కన నరాలకు సూదులేసిండు. గప్పటి సంది నొప్పి లేదు. గీడ ఏం తగిలినా తెలుస్తలేదు.”

“నొప్పి పోవుడు మంచిదే గదమ్మా?”

“మంచిదే. నా మనుమరాలు గీ పక్కనే పండుకుంటది. దాని ఊపిరి తెలుస్తలేదని మాటిమాటికి ముక్కుకాడ వేలు పెట్టి చూస్త.”

అమీర్‌పేట దగ్గర పడుతుండగా పిన్నీసు నా చేతిలో పెట్టి, “జర నువ్వు పెట్టు బిడ్డా,” అని మళ్లీ కిటికీలోంచి బయటికి చూసింది. నేను కొంగు కింద వేళ్లు అడ్డుపెట్టి, జాగ్రత్తగా బట్టకే గుచ్చాను. రవిక కింద చదునుగా ఉంది. ఆమె గుండె కొట్టుకోవడం నా వేళ్లకు తెలిసింది. పిన్నీసు మూసి, చెయ్యి అలాగే ఉంచాను.

బస్సు ఆగింది. ఆమె బయటికే చూస్తూ అడిగింది.

“ఇంకా పెడ్తలేవేంది బిడ్డా?”