ఎవరూ లేని మడి

దయ్యాలున్నాయంటే నమ్మే మనిషిని కాను. తిరుత్తణి కొండకు ఏటా కావడి మోసే ఇంట్లో పుట్టాను, దేవుడంటే భక్తి ఉంది. కానీ ఫలానా చోట ఏదో కనిపించిందని ఎవరైనా అంటే, ముందు కళ్ళు చూపించుకోమని చెప్పే రకం నేను. ఇది చదివి మీరూ నాకు అదే సలహా ఇవ్వొచ్చు. తప్పు పట్టను.

మాది తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి వెళ్ళే దారిలో ఒక పల్లె. మహిళా సంఘం తరఫున డ్రోన్ నడపడం నేర్చుకుని, రెండేళ్ళుగా చుట్టుపక్కల వరి మళ్ళకు మందు కొడుతున్నాను. మా అన్న మునిరత్నం పని కూడా డ్రోన్లతోనే, కాకపోతే మిలిటరీలో. పిల్లలిద్దరిదీ ఒకే పని అని అమ్మ ఊరంతా చెప్పుకుని మురిసిపోయేది.

పోయిన కార్తీకంలో అన్న నెల రోజుల సెలవు మీద వచ్చాడు. మనిషి సగమైపోయాడు. నిద్ర లేదు. ఇంట్లో ఎవరు ఎక్కడున్నారో గంటకోసారి అడిగేవాడు.

అడగ్గా అడగ్గా ఒక రోజు చెప్పాడు. తన పని తుపాకీ పేల్చడం కాదు. ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని, తెర మీద ఒకే చోటును గంటల తరబడి చూడటం, అక్కడ మనుషులున్నారో లేదో చెప్పడం. అలా ఒక పొలాన్ని పంతొమ్మిది రోజులు చూశాడు. రోజూ పొద్దున ఒక ముసలాయన పార భుజాన వేసుకుని వచ్చి గట్టు మూలలో నిలబడేవాడు. ఆయన ఏ కాలు కుంటుతాడో కూడా అన్నకు తెలుసు. చివరి రోజు పై అధికారులు అడిగితే, అన్న ఎవరూ లేరని చెప్పాడు. బాంబు పడి, పొగ తగ్గాక తెర మీద పార కనిపించిందట.

డాక్టరుకు చెప్పమంటే ఒప్పుకోలేదు. "పిచ్చోడని రాసేస్తారు పాపా. వుద్యోగం పోతాది" అన్నాడు. సెలవైపోతే మళ్ళీ ఆ గదికే వెళ్ళాలి. అలా వెళ్తే అన్న మాకు దక్కడని నా భయం.

ఇంట్లో ఉంటే ఇంకా కుంగిపోతాడని నాతో పనికి తీసుకెళ్ళాను. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. డ్రోన్ లేపే ముందు ఒకరు అవతలి గట్టు మీదికి వెళ్ళి, మడిలో ఎవరూ లేరని కేకేసి చెప్పాలి. ఆ పని అన్నకిచ్చాను. ఎంత బుద్ధి తక్కువ పనో ఆ రోజు తట్టలేదు.

మూడు మళ్ళ దగ్గర అన్న నోరు విప్పలేదు. నేనే చుట్టూ తిరిగి చూసుకున్నాను. నాలుగో మడికి వచ్చేసరికి ఉదయం ఎనిమిదిన్నర. వాన వెలిసి ఎండ బాగా కాస్తోంది, మోకాలెత్తు వరి. ఈశాన్యం మూలలో మనిషి నిలబడి ఉన్నాడు, ఎగరెయ్యొద్దు అని అన్న అరిచాడు. అక్కడ నాకు పిట్ట కూడా కనిపించలేదు. కోపం నషాళానికి అంటింది.

"యాడుండారన్నా? సరిగ్గా చూసి చెప్పు, ఎవురన్నా వుండారా?"

అన్న ఆ మూలకేసి ఇంకోసారి చూశాడు. తర్వాత కళ్ళు మూసుకుని, "ఎవురూ లేరు" అన్నాడు. నా కోసమే అన్నాడు.

డ్రోన్ లేపాను. రెండు వరసలు బాగానే కొట్టింది. మూడో వరసలో, ఆ మూలకు నాలుగు మీటర్ల ఇవతల గాల్లోనే ఆగిపోయింది. ముందు అడ్డం ఉందని రిమోట్ తెర మీద ఎర్ర గుర్తు. మనిషో, చెట్టో, కరెంటు తీగో ఎదురొస్తే అలా ఆగుతుంది. అక్కడ చెట్టూ లేదు, తీగా లేదు. వెనక్కి లాగి మళ్ళీ పంపాను. అక్కడే ఆగింది. మూడోసారీ అక్కడే. కిందికి దించి, బురదలో నడిచి వెళ్ళి చూశాను. ఒక్క పైరు వంగలేదు, అడుగు జాడ లేదు.

తిరిగి చూస్తే అన్న గట్టు మీద కూలబడి ఏడుస్తున్నాడు.

"మళ్ళా అదే చెప్పినాను పాపా. మళ్ళా ఎవురూ లేరనే చెప్పినాను."

ఆ మాట అనిపించింది నేనే. కానీ అక్కడ నిజంగానే ఏదో ఉందని నేనూ అంటే, అన్న ఇక ఈ జన్మలో డాక్టరు గడప తొక్కడు. డ్రోన్ దగ్గరికెళ్ళి, అడ్డాలు కనిపెట్టే సెన్సార్‌ను కొంగుతో తుడిచినట్టు నటించాను.

"మట్టన్నా, మట్టి అంటుకోనుండాది, అందుకే నిలిచిపోయినాది. మడిలో ఎవురూ లేరు. డాక్టరు దగ్గరికి పోదాం దా."

నా ముఖంలోకి తేరిపార చూశాడు. రెండు రోజుల తర్వాత నాతో చెన్నై రైలెక్కాడు.

చికిత్స మొదలైంది. ఉద్యోగం పోలేదు, తెర ముందు నుంచి తప్పించి వేరే పని ఇచ్చారు. ఇప్పుడు నిద్ర పడుతోందట. అప్పుడప్పుడు ఫోన్ చేసి, "ఆ పొద్దు మట్టే గదా పాపా?" అని అడుగుతాడు. మట్టే అంటాను.

మట్టి లేదు. ఆ మడికి ముందు సెన్సార్‌ను తడిగుడ్డతో తుడిచింది నేనే. డ్రోన్ రికార్డులో అది ఆగిన చోట్లు చూపే మూడు చుక్కలూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఆ తర్వాత అదే మడిలో అదే డ్రోన్ ఎన్నోసార్లు నడిపాను, ఎక్కడా ఆగలేదు. ఆ రోజు దాని ముందు ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. అన్న ఎన్నిసార్లు అడిగినా మట్టే అంటాను. నాకు మా అన్న కావాలి.