అన్నం లారీ నడిపిన మా మామయ్య

మా మేనమామ పోయారని మంగళవారం పొద్దున పర్చూరు నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయారట. ఏడుపు రావాల్సిన నాకు ఆ వారమంతా కోపమే వచ్చింది. ఎందుకో మీకు చెప్పాలి.

మామయ్య సైన్యంలో లారీ డ్రైవరు. వయసులో ఉండగా ఒక యుద్ధం చూశారు. ముందు వరసలో పోరాడేవాళ్ళకి బియ్యం, పప్పు, కిరసనాయిలు చేరవేయడం ఆయన పని. ఒక మధ్యాహ్నం వంతెన దగ్గర లారీలన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగి ఉండగా శత్రు విమానాలు వచ్చాయి. ముందు లారీలో ఉన్న స్నేహితుడు ఆయన కళ్ళెదుటే కాలిపోయాడు. ఆ లారీలో ఉన్నది గోధుమపిండి.

"తుపాకీ పట్టినోణ్ణి కాదురా, వాడికి అన్నం తీసుకెళ్ళేవోణ్ణి కొడతారు. వెనక దారి తెగిందంటే ముందున్నోడు వాడంతట వాడే చేతులెత్తేస్తాడు," అనేవారు. మన విమానాలూ అవతలివాళ్ళ వంతెనలకీ రైళ్ళకీ అదే చేశాయని, చేయకపోతే గెలిచేవాళ్ళం కాదని కూడా ఆయనే చెప్పేవారు.

సైన్యం నుంచి వచ్చాక మిర్చి లారీలు, చీమకుర్తి రాయి లారీలు నడిపారు. మిర్చి యార్డు ముందు ఎంత రద్దీ ఉన్నా, ముందు లారీకీ తన లారీకీ మధ్య ఇంకో బండి పట్టేంత జాగా వదిలేవారు. వెనకవాళ్ళు హారన్లు కొట్టి తిట్టేవారు. మిలటరీ పిచ్చి అని ఓనరు నవ్వేవాడు. ఇంటి ముందు ఏ లారీ ఆగినా డ్రైవరుకీ క్లీనరుకీ అన్నం పెట్టించాకే తను తినేవారు.

మొన్నామధ్య టీవీలో ఏదో దేశపు వంతెన పేలిపోతుంటే మా పేట కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. దాని మీద ఎవరున్నారో కూడా చెప్పమనండ్రా అని మామయ్య లేచి వెళ్ళిపోయారు.

ఆ కుర్రాళ్ళే జ్ఞాపకార్థ కూడికకి చర్చి ముందు ఫ్లెక్సీ కట్టారు. ఒకపక్క మామయ్య ఫోటో, ఇంకోపక్క బాంబులు వదులుతున్న యుద్ధ విమానం, కింద 'గగన వీరుడు' అని. నాకు ఒళ్ళు మండిపోయింది. స్నేహితుణ్ణి కాల్చినదాన్ని తెచ్చి ఆయన తల పక్కనే పెట్టారు. పైగా ఆయన ఆకాశంలో ఎగురుతూ శత్రువుల గుండెల్లో నిద్రపోయాడని ఒక నాయకుడు మైకులో ఊదరగొట్టాడు. నేను మైకు లాక్కుని, ఆయన ఏనాడూ యుద్ధ విమానం ఎక్కలేదని, దాని కింద బతికి బయటపడ్డ లారీ డ్రైవరని చెప్పాను.

"లారీ డ్రైవరంటే ఏం బాగుంటదన్నా? గొప్పగా ఉంటదని విమానం పెట్టాం," అన్నాడొక కుర్రాడు. వాడు మనస్ఫూర్తిగానే అన్నాడు. నాకు ఇంకా మండింది.

అత్తయ్య లేచి వంటల దగ్గరికెళ్ళి చాకు తెచ్చి నా చేతికిచ్చింది.

"ఆయన్ని ఉంచు. ఆ విమానాన్ని కోసి మన మిర్చి కల్లంలోకి పట్టుకుపో. మబ్బేసింది, కాయలు తడుస్తాయి," అంది.

కోశాను. ఆ సాయంత్రం ఆరబోసిన మిరపకాయల మీద విమానాన్ని బోర్లా పరిచి, మూలల్లో ఇటుకలు పెట్టాం. వాన మొదలయ్యేదాకా అది గాలికి మధ్యలో లేస్తూ, టపటపా కొట్టుకుంటూనే ఉంది.