ఉప్పు కాపడం పెట్టిన మధ్యాహ్నం

కరోనా సద్దుమణిగిన ఏడాది, మత్తు వైద్యుడిగా నాకు చివరి పోస్టింగు పడింది. ఇక నయం కాని జబ్బులవాళ్ల ఇళ్లకే వెళ్లి నొప్పి తగ్గించే బృందం అది. కర్నూలు నుంచి జీపులో కోయిలకుంట్ల దాకా తిరిగేవాళ్లం.

అక్కడ కిరాణా వ్యాపారి శేషయ్య తల్లి రంగమ్మకు క్యాన్సరు వెన్నెముకకు పాకింది. మార్ఫిన్ మాత్ర మింగలేని స్థితి వచ్చాక ఫెంటానిల్ పట్టీ రాశాను. అదీ నల్లమందు జాతిదే, కానీ మార్ఫిన్ కంటే ఎన్నో రెట్లు ఘాటు. వీపుమీద అంటిస్తే చర్మం గుండా కొద్దికొద్దిగా ఒంట్లోకి దిగుతుంది. వేడి తగిలిందా, గబగబా దిగిపోతుంది. అందుకే వేడినీళ్ల సంచి పెట్టవద్దని మా నర్సు గట్టిగా చెప్పి వచ్చింది.

మరుసటి వారం మిట్టమధ్యాహ్నం వెళ్లేసరికి ఆ ఇంట్లో మూలుగు వినబడలేదు. శేషయ్య ముఖం వెలిగిపోతోంది. "నొప్పి అన్న మాటే లేదు సార్. పొద్దుట్నించి సచ్చిపోయిన వాళ్లక్కతో మాట్లాడ్తాండాది" అన్నాడు.

రంగమ్మ పక్కకు ఒత్తిగిల్లి, అరమూసిన కళ్లతో ఖాళీ గుమ్మంకేసి నవ్వుతోంది. గొంతులో చిన్న గురక. తర్వాత ఏమీ లేదు. ఫ్యాను చప్పుడు మాత్రమే. గదిలో అందరం మాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాం. చాలాసేపటికి మరో గురక. రెప్ప ఎత్తి చూస్తే కంటిపాప ఆవగింజంత ఉంది, ఈ జాతి మందు ఎక్కువైన గుర్తు. భుజం పట్టి కుదిపినా పలకలేదు. పెదవులు నీలంగా మారుతున్నాయి. ఆ నవ్వు మాత్రం అలాగే ఉంది.

వీపు వెనక చెయ్యి పెడితే చురుక్కుమంది. సరిగ్గా పట్టీ మీద, వేయించిన ఉప్పు మూట.

కోడలు బెదిరిపోయింది. "నీళ్ల సంచి వద్దంటిరి, పెట్టల్యా సార్. ఇది ఉప్పు కాపడమే కదా, మా ఇండ్లల్లో అందరం పెట్టుకుంటాం" అంది. ఆమె చెప్పిందీ నిజమే. మేం వద్దన్నది ఒక్క నీళ్ల సంచినే.

పట్టీ పీకేసి నాలాక్సోన్ సూదిమందు కొంచెం కొంచెంగా ఎక్కించాను. ఈ జాతి మందులకు అది విరుగుడు. ఎక్కువైతే నొప్పంతా ఒక్కపెట్టున తిరగబడుతుంది. ఊపిరి కుదిరింది. కానీ విరుగుడు తొందరగా అయిపోతుంది, చర్మంలో నిలిచిన మందు ఇంకా దిగుతూనే ఉంటుంది. అందుకని వెంటనే పెద్దాసుపత్రికి బయలుదేరదీశాం. దారిలో రంగమ్మ కళ్లు తెరిచి మూలిగింది. "మా యక్క పక్కనే ఉండె. ఏల పిలిస్తివప్పా?" అంది.

ఆమె ఇంకొన్ని నెలలు బతికింది, చిన్న పట్టీతో, ఓర్చుకోగలిగినంత నొప్పితో.

అప్పట్నుంచి పట్టీ రాసే ముందు, నొప్పికి ఇంట్లో ఏమేం చేస్తారని ఆడవాళ్లను అడిగేవాణ్ణి. నొప్పి పోయిందని ఎవరన్నా చెబితే ముఖం కాదు, ముందు ఛాతీ చూసేవాణ్ణి. హాయిగా నిద్రపోతున్న మనిషీ, ఆ మందుతో ఊపిరి ఆగిపోతున్న మనిషీ గుమ్మంలో నిలబడి చూస్తే ఒకేలా కనబడతారు.